తాంబూలం తీసుకున్న సెంటర్ ఫార్వర్డు

మా తెనాలి వాళ్ళకి ఫుట్‌బాల్ ఆడటం పెద్దగా రాదు గానీ, ఫుట్‌బాల్ గురించి మాట్లాడటంలో మమ్మల్ని మించినవాళ్ళు జిల్లాలో లేరు. ఆడేవాళ్ళు పదకొండుమంది, మాట్లాడేవాళ్ళం నలభైమందిమి. మారీసుపేటలో అంకమ్మ టిఫిన్ హోటల్లో సాయంత్రం పెసరట్ల వేళకి మొదలయ్యే మా మాటలు, ఆవిడ బల్లలు కడిగిన నీళ్ళు మా కాళ్ళ మీద పోసేదాకా సాగేవి. నేను బట్టల కొట్టులో గుమస్తాని. పగలంతా గజంబద్ద పట్టుకుని నోరు మూసుకునే ఉద్యోగం. సాయంత్రమయ్యేసరికి గోల్‌కీపర్ల మీదా ఫుల్‌బ్యాకుల మీదా నాకు ఎక్కడలేని పాండిత్యం వచ్చేది.

వేసవి వచ్చిందంటే బాపట్లలో టోర్నమెంటు. ఏ ఊరి క్లబ్బుకీ సొంత మనుషులు సరిపోరు. గుంటూరు నుంచో మద్రాసు నుంచో బయటివాళ్ళని తెచ్చుకోవాలి. దానికొక పద్ధతుంది. ఉగాది దాటాక ఇద్దరు పెద్దమనుషుల ఎదుట, పళ్ళెంలో తమలపాకులూ వక్కలూ కండువా పెట్టి, వాటి మీద ఒప్పుకున్న డబ్బు ఉంచి ఆటగాడి చేతికివ్వాలి. అదే తాంబూలం. పుచ్చుకున్నాడా, టోర్నమెంటు అయ్యేదాకా వాడు ఆ క్లబ్బు మనిషి. ఇంకో క్లబ్బు చొక్కా తొడిగితే మైదానంలోకి రానివ్వరు. ఇచ్చినవాడికీ ఒక బాధ్యత ఉంది. ఆటగాడు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తన ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టాలి. అతన్ని ఆడించి తీరాలని మాత్రం ఎవరూ ఎక్కడా అనలేదు. అలాంటి మాట అనాల్సి వస్తుందని ఎవరికీ తట్టలేదు.

మా క్లబ్బుకి పెద్ద దిక్కు బసవేశ్వరరావు. మేమంతా బసవయ్య అనేవాళ్ళం. కొల్లిపరలో అరటితోటలు, తెనాలిలో మేడ, ఆ మేడలో ఆయనా ఆయన తల్లి మాణిక్యాంబ గారూ. పెళ్ళాం పోయాక మళ్ళీ చేసుకోలేదు. ఆయన ప్రేమంతా ఫుట్‌బాల్ మీద పెట్టాడు. అందులో ముప్పాతిక యాకూబ్ మీద పెట్టాడు.

యాకూబ్ రేపల్లె కుర్రాడు. వాళ్ళ నాన్న స్టేషను బయట జట్కా తోలేవాడు. ఆ జట్కాల మధ్య గుడ్డబంతి తంతున్నవాణ్ణి బసవయ్య ఒకరోజు రైలు దిగుతూ చూశాడు. చూసి, తన పని మర్చిపోయి, గుర్రాల పేడ మధ్యలో గంటసేపు నిలబడ్డాడు. వాణ్ణి తెనాలి తీసుకొచ్చి బూట్లు కొనిచ్చాడు. మూడు వేసవులు వాడు మా సెంటర్ ఫార్వర్డు. మూడు వేసవులూ మేం కప్పు తెచ్చుకున్నాం. "వీడు నా తమ్ముడయ్యా" అని బసవయ్య కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు.

అరవై ఏడులో గుంటూరు నుంచి వచ్చిన ఇద్దరికి తాంబూలాలు ఇస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"యాకూబ్‌కి కూడా ఈసారి ఇస్తే బావుంటుందేమోనండి" అన్నాను.

"మనవాడికి తాంబూలం ఏంటయ్యా?" అని నవ్వాడు బసవయ్య. "ఇంట్లో పిల్లాణ్ణి శుభలేఖ ఇచ్చి భోజనానికి పిలుస్తామా?"

మా ఊళ్ళో అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. పరాయివాడికి మర్యాద, సొంతవాడికి చనువు. మేం ఇలాగే బతుకుతాం. రేపల్లెలో రైసుమిల్లు హనుమయ్యకి మాత్రం ఈ సంగతి తెలిసి, ఒక పళ్ళెం పట్టుకుని జట్కా వాళ్ళ ఇంటికి వెళ్ళాడు.

బాపట్ల ఫైనల్లో రేపల్లె వాళ్ళ ఎర్ర చొక్కాల్లో యాకూబ్ మైదానంలోకి వచ్చేదాకా మాకు తెలియదు. ఒంట్లో బాలేక రాలేదనే అనుకున్నాం. వాడు రెండు గోల్సు కొట్టాడు. రెండోది కొట్టాక వాడు బసవయ్య ముందునుంచే పరుగెత్తాడు గానీ తల తిప్పి చూడలేదు. తిరుగు ప్రయాణంలో తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె వాళ్ళు డప్పులతో దిగి, "బసవయ్య తమ్ముడు ఎవరి తమ్ముడు? మా తమ్ముడు!" అని రైలు కదిలేదాకా గంతులేశారు. బసవయ్య ఆ డప్పుల మధ్య నుంచి నడిచి ఇంటికెళ్ళాడు. ఒక్కమాట అనలేదు. తిట్టి ఉంటే బావుండేది. తిట్టే మనిషి కక్ష తీరిపోతుంది.

ఏడాది గడిచింది. అరవై ఎనిమిది ఉగాది వెళ్ళాక అంకమ్మ హోటల్లో కూర్చున్నాం. చందాలు పోగేస్తే పదకొండు వందలు తేలాయి. దాంతో ఎవర్ని తేవాలన్నది చర్చ.

"ముందు గోల్‌కీపరు సంగతి చూడండి" అన్నాడు సైకిల్ షాపు జానీ బాషా. "పోయినేడు రెండో గోలు ప్రభుదాస్ గారి పక్కనుంచి షికారుకి పోయినట్టు పోయింది."

ప్రభుదాస్ మా గోల్‌కీపరు. బళ్ళో డ్రిల్లు మాస్టారు. ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉప్మా తింటున్నాడు.

"నా ఎదురుగానే అంటావేంట్రా?"

"మీ వెనకాల అంటే బావుండదని, సార్."

అందరూ నవ్వారు. ప్రభుదాస్ కూడా నవ్వి, చెయ్యి కడుక్కొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. "నిజమేనయ్యా. నాకు నలభై దాటింది. సాయంత్రం ఎండ కళ్ళలో పడితే బంతి కనపడట్లేదు, దాని నీడే కనపడుతుంది. గుంటూరు పోలీసుల్లో ఒక కీపరున్నాడు, ఆరొందలు అడుగుతున్నాడట. తెచ్చెయ్యండి. నేను బెంచీ మీద కూర్చుంటా."

"ఆరొందలు కీపరుకే పోస్తే ఎడమవైపు ఎవరు కాస్తారు?" అని నేను లేచాను. బల్ల మీద చట్నీ వేలితో మైదానం గీశాను. "ఇదిగో, ఇక్కడ మనకి గుమ్మం తలుపు తీసి పెట్టినట్టే ఉంది. బెజవాడ నుంచి ఒక ఫుల్‌బ్యాకుని మూడొందలకి తెస్తే, మిగతా రెండొందలకి ఏదో ఒక ఫార్వర్డు దొరుకుతాడు."

"రెండొందల ఫార్వర్డు ఎట్లా ఉంటాడు? బంతి ఎదురొస్తే దణ్ణం పెడతాడు."

"ఫార్వర్డే ముఖ్యమయ్యా. గోల్సు పడకపోతే కీపరుండి ఏం చేస్తాడు?"

"గోల్సు తినేవాడుంటే ఫార్వర్డుండి ఏం చేస్తాడు?"

ఇలా కీపరా, ఫార్వర్డా, ఫుల్‌బ్యాకా అని కాఫీలు చల్లారిపోయేదాకా అరుచుకున్నాం. మద్రాసు కీపరైతే రోజూ మాంసం అడుగుతాడని ఒకడు, ఆ మాంసం ఖర్చు చందాల్లోంచా ఇంటివాళ్ళదా అని ఇంకొకడు. ఒకడైతే ఇద్దరు సగం కీపర్లని తెస్తే ఒక కీపరుతో సమానం కదా అన్నాడు. వాడికి ఆ రోజు నుంచి 'సగం' అనే పేరు స్థిరపడిపోయింది.

బసవయ్య చేతిలో గ్లాసు అట్లాగే ఉంది.

"పదకొండు వందలూ యాకూబ్‌కి ఇద్దాం" అన్నాడు.

గ్లాసులు బల్లల మీద పెట్టి అందరం ఆయన వైపు తిరిగాం. జానీ బాషా ముందు తేరుకున్నాడు. "అంతేనండి! వాణ్ణి మనవైపు తిప్పుకుంటే రేపల్లె వాళ్ళ పీడ విరగడవుద్ది. వాడే రెండు గోల్సు కొడతాడు."

"కొట్టడు" అన్నాడు బసవయ్య. "ఆడించటానికి కాదు. మన చొక్కా తొడిగించి బెంచీ మీద కూర్చోబెడదాం. టోర్నమెంటంతా. ఫైనల్ రోజు మద్రాసు నుంచి రైల్వే టీముకి మనుషుల్ని ఏరుకునే సారు వస్తున్నాడు. యాకూబ్ ఆట చూట్టానికే వస్తున్నాడని రేపల్లెలో చెప్పుకుంటున్నారు. నచ్చితే ఉద్యోగం. రేపల్లె వాళ్ళ దగ్గరుంటే వాడు ఆడతాడు, ఉద్యోగం కొట్టేస్తాడు. మన దగ్గరుంటే కూర్చుంటాడు. ఆ సారు వాణ్ణి కూర్చునుండగా చూస్తాడు."

ఇదీ ఆయన ఏడాదిపాటు మౌనంగా ఉడకబెట్టుకున్నది. మాలో ఎవరికైనా ఒళ్ళు జలదరించి ఉండాలి. అబద్ధమెందుకు, మాకు ఒళ్ళు పులకరించింది. ప్లాట్‌ఫారం మీద డప్పులు మా అందరి చెవుల్లోనూ ఉన్నాయి. బల్లలు గుద్దాం. కొందరు ఈలలేశారు.

అంకమ్మ మాత్రం అట్లకాడ పట్టుకుని వచ్చి నిలబడింది. "ఒక మనిషిని కూర్చోబెట్టటానికి పదకొండు వందలా? నా హోటల్లో నలభైమంది ఊరికే కూర్చుంటున్నారు, నాకెవడూ అర్ధణా ఇవ్వడే!"

"నీకు ఆట తెలియదులే అంకమ్మా" అన్నాం.

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే అందరి చేతులూ లేచాయి. ప్రభుదాస్ ఎత్తలేదు. "అయితే కీపర్ని తేరా?" అని మాత్రం అడిగాడు.

మరుసటి ఆదివారం పొద్దుటి రైలుకి రేపల్లె వెళ్ళాం. బసవయ్య, నేను, పెద్దమనుషులు ఇద్దరు. పళ్ళెం నా చేతిలో ఉంది. యాకూబ్ తల్లి నాగూర్‌బీ మమ్మల్ని చూసి కంగారుపడి, ఉన్న ఒక్క కుర్చీ బసవయ్యకి వేసి, మాకు చాప పరిచింది. యాకూబ్ గుర్రానికి దాణా పెడుతున్నాడు. బసవయ్యని చూసి అక్కడే ఆగిపోయాడు.

"రారా" అన్నాడు బసవయ్య. గొంతు మామూలుగానే ఉంది. "ఈ ఏడు మాకు ఆడతావేమో అడుగుదామని వచ్చాం."

యాకూబ్ లుంగీకి చేతులు తుడుచుకుంటూ వచ్చి చాప అంచున కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ళుంటాయి. "హనుమయ్య గారు హైదరాబాదు నుంచి ఇద్దర్ని తెస్తున్నారన్నయ్యా. నన్ను పక్కకి ఆడమంటున్నారు. ఫైనల్‌కి రైల్వే సారొస్తున్నాడు. సెంటర్ ఫార్వర్డుగా ఒక్క ఆట ఆడితే చాలు, నాకు నమ్మకముంది. నాన్నకి చూపు ఆనట్లేదు. నాకు ఉద్యోగం వస్తే ఆయన్ని బండి దింపెయ్యొచ్చు."

"మా దగ్గర సెంటర్ ఫార్వర్డు చోటు ఖాళీగానే ఉంది" అన్నాడు బసవయ్య. అది నిజమే.

నేను పళ్ళెం అందించాను. బసవయ్య లేచి నిలబడి దాన్ని ముందుకి చాపాడు. యాకూబ్ వెంటనే తీసుకోలేదు. లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చి, రెండు చేతులతో అందుకున్నాడు. అందుకుని తలెత్తేసరికి వాడి కళ్ళు తడిసి ఉన్నాయి.

"మూడేళ్ళు ఎదురుచూశానన్నయ్యా దీనికోసం. గుంటూరు వాళ్ళకిచ్చారు, మద్రాసు వాళ్ళకిచ్చారు. ప్రతి ఏడూ పళ్ళేలు సర్దింది నేనే."

"అడగలేకపోయావా?"

"తాంబూలం అడిగి తీసుకునేదా అన్నయ్యా?"

నాగూర్‌బీ టీ ఇచ్చింది. పంచదార పక్కింటి నుంచి తెచ్చిందని తెలుస్తూనే ఉంది. నేను ఆ టీ తాగాను. తిరిగొచ్చేటప్పుడు రైల్లో బసవయ్య కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"విన్నారుగా, వాడు అన్నది?" అన్నాను.

"విన్నా."

"మరి?"

"ఆ రెండు గోల్సూ కూడా చూశాగా" అన్నాడు. నాకూ ఆ రెండు గోల్సూ గుర్తొచ్చాయి, నా మనసూ గట్టిపడింది.

తాంబూలం ఇచ్చినవాడు అన్నం పెట్టాలి కదా. యాకూబ్ పెట్టె పట్టుకుని బసవయ్య మేడకి వచ్చేశాడు. అది వరకు మూడేళ్ళూ క్లబ్బు గదిలో పడుకుని హోటల్లో తినేవాడు. ఇప్పుడు తాంబూలం పుచ్చుకున్న ఆటగాడు. మాణిక్యాంబ గారు మొదట్లో వాడికి వసారాలో విస్తరి వేసి, దూరం నుంచి వడ్డించేది. వారం గడిచేసరికి విస్తరి నడవలోకి వచ్చింది. ఇంకొన్నాళ్ళకి వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది. వాడు బావిలో నీళ్ళు తోడేవాడు, పెరట్లో కొబ్బరికాయలు దింపేవాడు, "పెద్దమ్మా, ఇంకొంచెం పులుసు" అనేవాడు. ఆవిడ చేతి పులుసు ఇంకొంచెం అని ఎవరైనా అడిగి ఎంతకాలమైందో. బసవయ్య అయితే కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ తినే రకం.

"వాడికి నెయ్యి వేయొద్దమ్మా" అన్నాడట ఒకరోజు.

"ఆడేవాడికి నెయ్యి వేయక, కూర్చుని అరిచేవాడికి వేయనా?" అందట ఆవిడ.

తల్లికి ఈ పథకం చెప్పే ధైర్యం బసవయ్యకి లేదు. యాకూబ్‌కీ తెలియదు. రోజూ పొద్దున్నే వాడు మైదానంలో ఒక్కడే గోలు కొట్టే కసరత్తు చేస్తుంటే, చందాలిచ్చిన నలభైమందిమీ గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళం. ఎంత బాగా కొడితే అంత సంబరపడేవాళ్ళం. వృథా అయ్యేది ఎంత గొప్పదైతే కక్షకి అంత రుచి.

బాపట్లలో టోర్నమెంటు మొదలైంది. మొదటి నుంచీ యాకూబ్ బెంచీ మీదే కూర్చున్నాడు. "నిన్ను ఫైనల్‌కి దాస్తున్నాంరా. రేపల్లె వాళ్ళకి ముందే చూపిస్తే ఎట్లా?" అన్నాడు బసవయ్య. వాడు నమ్మాడు. నమ్మి, నీళ్ళ బిందె మోశాడు, మావాళ్ళ కాళ్ళకి నూనె రాశాడు. యాకూబ్ లేకుండా, మంచి కీపరు లేకుండా మేం ఫైనల్‌కి ఎట్లా వచ్చామంటే, సిగ్గు విడిచి చెప్పాలి. మొదటి ఆటకి అవతలివాళ్ళ పడవ కాలువలో చిక్కుకుని వాళ్ళు రానేలేదు. రెండో ఆటలో అవతలివాడే పొరపాటున తన గోల్లో కొట్టుకున్నాడు. మూడోది సమానమైతే బొమ్మా బొరుసూ వేశారు, బొమ్మ పడింది. దేవుడు కూడా మా కక్షకి చందా వేశాడని జానీ బాషా అన్నాడు.

ఫైనల్ రేపల్లెతోనే. మైదానం చుట్టూ జనం. ఒకవైపు షామియానా వేసి పెద్దవాళ్ళకి కుర్చీలు వేశారు. మా బెంచీ షామియానాకి వీపు పెట్టి సరిగ్గా దాని ముందే ఉంది కాబట్టి, బెంచీ మీదున్నవాళ్ళకి కుర్చీల్లో ఎవరున్నారో కనపడదు. రైల్వే సారు తెల్ల ప్యాంటూ నల్లకళ్ళద్దాలతో వచ్చి కూర్చున్నాడు. లోపలికి వస్తున్నప్పుడు యాకూబ్ ఆయన్ని చూశాడు. చూసి బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

ఆట మొదలైంది. యాకూబ్ పేరు పిలవలేదు.

"ఇంకాసేపాగి దింపుతా" అన్నాడు బసవయ్య, వాడి వైపు చూడకుండా.

రేపల్లె వాళ్ళ హైదరాబాదు మనిషి ఒక గోలు కొట్టాడు. ప్రభుదాస్ దానికోసం దూకాడు గానీ బంతి వెళ్ళాక దూకాడు. ఆ తర్వాత ఎలా తగిలిందో, మావాడి మోకాలికి తగిలి ఒక బంతి వాళ్ళ గోల్లో పడింది. సగం ఆట అయ్యేసరికి సమానం.

విరామంలో రైల్వే సారు షామియానా వెనక నిలబడి సిగరెట్టు వెలిగించి, బసవయ్యని పిలిపించాడు. నేనూ వెళ్ళాను.

"మీ నైన్ నంబరు కుర్రాడు ఆడట్లేదేంటండి? నేనొచ్చింది అతని కోసం."

"ఒంట్లో బాలేదండి" అన్నాడు బసవయ్య. కళ్ళు కూడా ఆర్పలేదు. "ఇవాళ ఆడడండి."

"అయ్యో. ముందే చెబితే రాకపోదును కదా" అని, చేతి గడియారం చూసుకుని, రైలుకి టైమైందని ఆయన జట్కా ఎక్కి వెళ్ళిపోయాడు. బసవయ్య జట్కా మలుపు తిరిగేదాకా చూశాడు. ఏడాది నుంచి ఆయన నవ్వగా నేను చూడలేదు, అప్పుడు నవ్వాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. పదకొండు వందల్లో నా చందా పాతిక ఉంది, నచ్చలేదని అనే హక్కు నాకు లేదు.

రెండో సగం సగానికి వచ్చాక ప్రభుదాస్ ఎవడి మోకాలికో గుద్దుకున్నాడు. రెండు వేళ్ళు వంకర తిరిగిపోయాయి. చెయ్యి పట్టుకుని బయటికొచ్చి, ఎట్లాగో చొక్కా విప్పి పడేశాడు.

"బసవయ్య గారూ, ఇంక చాలు" అన్నాడు నొప్పితో. "యాకూబ్‌ని పంపండి. వాణ్ణి ముందుకి పంపి, వెనక ఎవర్నైనా గోల్లో నిలబెట్టండి."

అప్పటికి జనం కూడా "యాకూబ్! యాకూబ్!" అంటున్నారు. ఆ అరిచేవాళ్ళలో అంకమ్మ హోటల్లో చేతులెత్తినవాళ్ళే ఎక్కువమంది. నేనూ అరిచాను. కక్ష కక్షే, కప్పు కప్పే. యాకూబ్ అప్పటికే లేచి నిలబడ్డాడు. వాడి ఒళ్ళంతా ఆడటానికి సిద్ధంగా ఉంది.

బసవయ్య వంగి, నేల మీద పడున్న ప్రభుదాస్ గోల్‌కీపరు చొక్కా తీసి వాడి మీదికి విసిరాడు.

"గోల్లో నిలబడు."

యాకూబ్ నవ్వాడు. పరాచికం అనుకున్నాడు. మా అందరి ముఖాలూ చూశాడు. మాలో ఒక్కడూ నవ్వట్లేదు, ఒక్కడూ వాడి కళ్ళలోకి చూడట్లేదు. అప్పుడు వాడికి అంతా అర్థమైంది. ఎందుకు దాచారో, ఎందుకు మోయించారో, చోటు ఎందుకు ఖాళీగా ఉందో. నిలబడ్డచోటనే ఒక్కో సంగతీ వాడికి తెలుస్తుండటం మేం చూశాం.

చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. అది వాడికి చాలా వదులు.

గోల్లో నిలబడి ఒకటి ఆపాడు. రెండోది కూడా ఆపాడు. మా వాళ్ళు గంతులేశారు. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా హైదరాబాదు మనిషి గట్టిగా కొట్టిన బంతిని గాలిలోనే పట్టుకున్నాడు. పట్టుకుని, దూరంగా తన్నకుండా, నెమ్మదిగా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. షామియానా వైపు ఒకసారి చూశాడు. అంత దూరం నుంచి తెల్లటి కుర్చీల గుంపు తప్ప ఏమీ కనపడదు.

ఇక బంతితో బయల్దేరాడు.

ఎదురొచ్చిన ఇద్దర్ని తప్పించాడు. మూడోవాడు పక్కకి వెళ్ళబోయి కూలబడ్డాడు. గోల్‌కీపరు వదులు చొక్కాలో వాడు మైదానం మధ్యదాకా పోతుంటే, అటు రేపల్లె వాళ్ళూ ఇటు తెనాలి వాళ్ళూ లేచి నిలబడ్డారు. వాడు ఆడుతుంటే ఎంత బావుంటుందో మేం ఏడాదిలో మర్చిపోయాం. "కొట్టరా! కొట్టరా తమ్ముడూ!" అని అరిచింది బసవయ్య. నా పక్కనే ఉన్నాడు, నా చెవులతో విన్నాను. కక్ష అంతా మర్చిపోయి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు.

మధ్యగీత దగ్గర యాకూబ్ ఆగాడు. బంతిని కాలికింద తొక్కిపట్టి, వెనక్కి తిరిగాడు.

వెనక్కి తిరిగి మా గోలు వైపే వచ్చాడు. రేపల్లె వాళ్ళెవరూ కదల్లేదు. అడ్డం రావాలో వద్దో మావాళ్ళకి తెలియలేదు. ఒకడు వచ్చాడు, వాణ్ణి దాటాడు. ఇంకొకడు కాలు చాపాడు, ఆ కాలు మీదుగా బంతిని ఎగరేసి దాటాడు. పెనాల్టీ చోటు దగ్గర నుంచి, ఎవరూ లేని మా గోల్లోకి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. వల వెనక కర్ర విరిగింది. నేను చూసిన గోల్సన్నిటిలోకీ గొప్ప గోలు అదే. మా మీద పడింది.

విజిల్ ఊదారు. రేపల్లె వాళ్ళు వాణ్ణి భుజాలకెత్తుకోబోతే తోసేసి, మా బెంచీ వైపు నడిచొచ్చాడు. చెయ్యెత్తి కొట్టడానికే పరుగెత్తాడు బసవయ్య. నేనూ వెనకాలే పరుగెత్తాను. యాకూబ్ కదలకుండా, ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"కొట్టన్నయ్యా. నా ఆట మాత్రం సారు చూశాడు. ఏ గోల్లో కొట్టానన్నది ఆయనకి అనవసరం."

బసవయ్య ఎత్తిన చెయ్యి దించాడు. దించి, కొట్టడం కన్నా ఎక్కువైనది చేశాడు.

"ఏ సారు? సగం ఆటకే రైలెక్కాడు. నీకు ఒంట్లో బాలేదని చెప్పి నేనే పంపించా."

యాకూబ్ షామియానా వైపు చూశాడు. ఈసారి దగ్గరగానే ఉన్నాం, కుర్చీ ఖాళీగా ఉన్నది కనపడుతుంది. చాలాసేపు చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. బసవయ్య అయితే కాళ్ళ మీద పడతాడని అనుకుని ఉంటాడు.

"ఒక్కటి చెప్పన్నయ్యా" అన్నాడు. "ఇట్లా చెయ్యాలని ఎప్పుడనుకున్నావు? మా ఇంటికొచ్చి తాంబూలం ఇచ్చాకా, ఇవ్వకముందా?"

ఒక చిన్న అబద్ధం సరిపోయేది. 'ఇచ్చాకే' అంటే చాలు, ఆ పళ్ళెం అందుకున్న పొద్దు ఒక్కటైనా వాడికి మిగిలేది. రైల్వే సారుకి కళ్ళార్పకుండా అబద్ధం చెప్పిన మనిషి.

"ఇవ్వకముందే" అన్నాడు బసవయ్య.

యాకూబ్ తలూపాడు. వదులు చొక్కా విప్పి ఆయన చేతుల్లో పెట్టి, బనీనుతోనే స్టేషను వైపు నడిచాడు. బసవయ్య కోరుకున్నదంతా జరిగింది. కక్ష వడ్డీతో సహా తీరింది. ఆయన ఆ చొక్కా పట్టుకుని మైదానంలో నిలబడే ఉన్నాడు. జనం వెళ్ళిపోయాక, షామియానా విప్పేవాళ్ళు వచ్చి పక్కకి జరగమన్నా జరగలేదు. చివరికి నేను మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.